చూపు నేర్పే గురి

హైదరాబాదు నుండి సంగారెడ్డి మీదుగా పుణె వైపు సాగిపోయే 65వ జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటిన కొద్దిసేపటికి ఇస్నాపూర్ కూడలి వస్తుంది. అక్కడి నుండి పాశమైలారం పారిశ్రామికవాడకు దారి చీలుతుంది. షిఫ్టు మారే వేళ ఆ కూడలి ఒక చిన్న సంతను తలపిస్తుంది. కర్మాగారాలకు పోయే కార్మికులు, కళాశాలలకు పోయే విద్యార్థులు ఒకే ఆటోలో సర్దుకొని కూర్చుంటారు. మందులకు, యంత్రభాగాలకు పేరుపడిన ఈ ప్రాంతానికి మరొక విశేషం కూడా ఉన్నది. దేశరక్షణకు కావలసిన సామగ్రిలో కొంత ఈ చుట్టుపక్కలనే రూపుదిద్దుకొంటుంది. ఎద్దుమైలారంలో 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారంలో ‘సారథ్’ అనే పేరుగల బి.ఎం.పి.-2 పదాతిదళ పోరాట వాహనాలు తయారవుతూ వచ్చాయి. 2021 అక్టోబరు 1 నుండి ఆ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ అనే సంస్థలో భాగమయింది. భానూరులోని భారత్ డైనమిక్స్ కర్మాగారం ట్యాంకులను ఛేదించే క్షిపణులకు ప్రసిద్ధి. ఒక ఊరిలో తయారైన వాహనంపై మరొక ఊరిలో తయారైన కొంకుర్స్ క్షిపణి అమరుతుంది.

కొంకుర్స్ క్షిపణి పనిచేసే తీరు ఆలోచింపజేసేదిగా ఉంటుంది. సైనికుడు దూరదర్శినిలో లక్ష్యాన్ని చూస్తూ, అందులోని అడ్డగీత, నిలువుగీత కలిసే చోట ఆ లక్ష్యాన్ని నిలిపి, క్షిపణిని వదులుతాడు. అంతటితో అతని పని ముగియదు. క్షిపణి తన వెనుక సన్నని తీగను విప్పుకొంటూ పోతుంది. దాని తోకభాగంలో వెలిగే దీపాన్ని ప్రయోగ యంత్రం గమనిస్తూ ఉంటుంది. క్షిపణి దారి తప్పినట్లు కనిపిస్తే ఎంత తప్పిందో లెక్కగట్టి, ఆ తీగ ద్వారా సవరణను పంపుతుంది. నాలుగు కిలోమీటర్ల దూరం పోవడానికి దానికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లూ చూడడం, తప్పును గుర్తించడం, సరిదిద్దడం నిరంతరం సాగుతూనే ఉంటాయి. సైనికుడు చేయవలసినదల్లా చూపు చెదరకుండా లక్ష్యం మీద నిలపడమే.

తుపాకి తూటాకు ఈ భాగ్యం లేదు. అది గొట్టాన్ని వీడిన తరువాత దానిని సరిదిద్దగలవారు ఎవరూ లేరు. మూడువందల మీటర్ల దూరాన్ని అది అరసెకను లోపే దాటిపోతుంది. పెదవి దాటిన మాట, విల్లు వీడిన బాణం వెనుకకు రావని పెద్దలు చెప్పే మాట తూటాకు కూడా వర్తిస్తుంది. కాబట్టి తూటా విషయంలో సవరణ అనేది వెళ్ళిపోయిన తూటాకు కాక, రాబోయే తూటాకు జరగాలి. ఆ సవరణ యంత్రంలో కాక మనిషిలో జరగాలి. పోయిన తూటా ఎక్కడ తగిలిందో కన్ను చూస్తుంది. చూచినదానిని మనస్సు గ్రహిస్తుంది. గ్రహించినదానిని చేయి ఆచరిస్తుంది. చేసిన పనికి ఫలితం ఇలా కంటి ద్వారా కర్తకు తిరిగి అందడాన్నే శాస్త్రజ్ఞులు దృశ్య ప్రతిపుష్టి అంటారు. వాడుకలో దీనిని ఫీడ్‌బ్యాక్ అంటున్నారు. గురి నేర్చుకొనేవారికి ఈ ప్రతిపుష్టి ఎంత కావాలి, ఎప్పుడు కావాలి, ఎంతవరకు మేలు చేస్తుంది అనే ప్రశ్నలు చూడడానికి చిన్నవే గాని, వాటి వెనుక విద్యకు సంబంధించిన ఒక గొప్ప సత్యం దాగి ఉన్నది.

తుపాకి పేల్చడం సులభం. గురి కుదరడం కష్టం. రైఫిల్ వెనుకభాగంలో కంటికి దగ్గరగా బ్యాక్‌సైట్, గొట్టం చివర ఫోర్‌సైట్ ఉంటాయి. బ్యాక్‌సైట్ నడుమ ఫోర్‌సైట్ మొనను నిలిపి, ఆ మొనను లక్ష్యంతో కలపాలి. మనిషి కన్ను ఒకే సమయంలో ఈ మూడింటినీ స్పష్టంగా చూడలేదు. అందువల్ల ఫోర్‌సైట్ మొన స్పష్టంగా, లక్ష్యం కొంత మసకగా కనబడాలని శిక్షకులు బోధిస్తారు. దూరాన ఉన్న లక్ష్యాన్ని స్పష్టంగా చూడాలన్న ఆతురతతో చేతిలోని మొనను మరచిపోవడమే కొత్తవారు చేసే మొదటి పొరపాటు. దాని ఫలితం చిన్న లెక్కతో తెలుస్తుంది. రెండు సైట్ల మధ్య దూరం అర మీటరు అనుకొంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా మూడువందల మీటర్ల దూరంలో తూటా అరవై సెంటీమీటర్లు పక్కకు పోతుంది. దగ్గర జరిగిన గోరంత తప్పు దూరాన కొండంత అవుతుంది.

జాతీయ విద్యార్థి సేనాదళంలో, అంటే ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులు శిబిరాలలో 0.22 రైఫిల్‌తో ఈ విద్యకు శ్రీకారం చుడతారు. నేలపై బోర్లా పడుకొని, తుపాకి మడమను భుజానికి గట్టిగా ఆనించి, శ్వాసను కొద్దిగా వదిలి ఆపి, ట్రిగ్గరును గుంజకుండా నెమ్మదిగా నొక్కాలని ఉస్తాద్ చెబుతాడు. విద్యార్థి అన్నీ విన్నట్లే తల ఊపుతాడు. మొదటి తూటా పేలుతుంది. శబ్దానికి కళ్ళు మూతపడతాయి. తూటా ఎక్కడ తగిలిందో తెలియదు. రెండవది, మూడవది కూడా అలాగే పోతాయి. అయిదు తూటాలు పూర్తయిన తరువాత ఉస్తాద్ అనుమతి ఇస్తే లక్ష్యం దగ్గరకు నడిచి వెళ్ళి, కాగితంపై పడిన రంధ్రాలను చూచుకొంటాడు. అంతవరకు విన్న పాఠం ఆ రంధ్రాలను చూచిన తరువాతనే అతనికి అర్థం కావడం మొదలవుతుంది.

ఆ రంధ్రాలు ఒక లిపి వంటివి. వాటిని చదవడం నేర్చుకోవాలి. అయిదు రంధ్రాలు ఒకదాని పక్కన ఒకటి గుమిగూడి, లక్ష్యం మధ్యభాగానికి దూరంగా ఉన్నాయనుకొందాం. కొత్తవారు దానిని చూచి నిరాశపడతారు. శిక్షకుడు మాత్రం సంతోషిస్తాడు. పేల్చినవాని చేయి స్థిరంగా ఉన్నదనీ, సైట్లను కొద్దిగా జరిపితే చాలుననీ ఆ గుంపు చెబుతుంది. ఒక రంధ్రం సరిగ్గా మధ్యలో, మిగిలిన నాలుగు నాలుగు దిక్కుల చెదరి ఉంటే కొత్తవారు మధ్యలో పడినదానిని చూపి గర్విస్తారు. అది యాదృచ్ఛికమని శిక్షకునికి తెలుసు. ఈ గుంపునే సైనిక పరిభాషలో గ్రూపింగ్ అంటారు. గురిలో మొదట కోరవలసినది మధ్యబిందువు కాదు, నిలకడ. తప్పు కూడా ఒకే విధంగా జరిగితే దానిని సరిదిద్దవచ్చు. రోజుకొక విధంగా జరిగే తప్పుకు మందు లేదు. ఈ సంగతి మాటలలో ఎంత చెప్పినా మనస్సుకు ఎక్కదు. కాగితంపై కనబడినప్పుడు క్షణంలో ఎక్కుతుంది.

దూరపు రేంజిలలో కాగితం దగ్గరకు నడచిపోవడం ప్రతిసారీ సాధ్యపడదు. అందుకే లక్ష్యాల కింద గోతులలో కొందరు సురక్షితంగా కూర్చొని, తూటా తగిలిన చోటును పొడవాటి కర్రతో చూపే పద్ధతి సైన్యాలలో చిరకాలంగా ఉన్నది. పేల్చినవాడు ఆ కర్ర కదలికను చూచి తన తప్పును తెలుసుకొంటాడు. ఆ కర్ర లేకపోతే వేల తూటాలు ఖర్చయినా విద్య అబ్బదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ తన ప్రయోగాలలో ఈ విషయాన్నే నిరూపించాడు. కళ్ళు మూసుకొని నిర్ణీతమైన పొడవు గల గీతలు గీయమని ఆయన కొందరిని కోరాడు. గీసిన గీత సరియైనదో కాదో తెలియనంతకాలం, ఎన్ని గీతలు గీసినా వారిలో మెరుగుదల రాలేదు. ఫలితం తెలిపిన తరువాతనే గీతలు సరియైన పొడవుకు చేరువయ్యాయి. సాధనమున పనులు సమకూరుతాయన్నది నిజమే. ఫలితాన్ని చూడని సాధన మాత్రం గానుగెద్దు నడకవంటిది. నడక ఆగదు, దూరం తరగదు.

తరువాతి కాలంలో సాంకేతిక విజ్ఞానం ఆ కర్రను తెరగా మార్చింది. అంతర్జాతీయ పోటీలలో ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చాయి. గుండు తగిలిన చోటును సూక్ష్మ పరికరాలు పసిగట్టి, క్రీడాకారుని పక్కనున్న తెరపై క్షణంలో చూపుతాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. గుండు వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు. అంత సూక్ష్మమైన తేడాలను కూడా దశాంశాలలో కొలిచి, అత్యధికంగా 10.9 పాయింట్ల వరకు ఇస్తారు. అంతేకాదు, గొట్టానికి అమర్చే చిన్న పరికరాలు మరొక అద్భుతాన్ని చేస్తున్నాయి. గుండు ఎక్కడ తగిలిందో చెప్పడమే కాక, పేల్చడానికి ముందు గొట్టం మొన లక్ష్యంపై ఎలా తిరుగాడిందో రంగురంగుల గీతలుగా తెరపై చూపుతాయి. చేయి ఎప్పుడు వణికింది, శ్వాస ఎప్పుడు కదిలింది, ట్రిగ్గరు నొక్కిన క్షణంలో మొన ఎటు తొణికింది అన్నది ఆ గీతలలో కనిపిస్తుంది. కాగితంపై పడిన రంధ్రం తీర్పును మాత్రమే చెబుతుంది. ఈ గీత ఆ తీర్పుకు గల కారణాన్ని కూడా చెబుతుంది.

సైనికుల, పోలీసుల శిక్షణలో సిమ్యులేటర్లు ప్రవేశించాయి. పెద్ద తెరపై కనిపించే దృశ్యంలోని లక్ష్యాన్ని, నిజమైన తూటా లేకుండానే గురిచూచి పేల్చవచ్చు. ఎక్కడ తగిలిందో వెంటనే కనబడుతుంది. ఇటువంటి శిక్షణ యంత్రాలను తయారుచేసే జెన్ టెక్నాలజీస్ అనే సంస్థ 1993లో హైదరాబాదులోనే స్థాపితమయింది. నిజమైన తూటాకు ఖర్చున్నది, ప్రమాదమున్నది, విశాలమైన ఖాళీ స్థలం కావాలి. ఊళ్ళు పెరిగి, కర్మాగారాలు విస్తరించి, పొలాలు ఇళ్ళస్థలాలుగా మారుతున్న రోజులలో ఫైరింగ్ రేంజికి అనువైన చోటు దొరకడం సులభం కాదు. ఒక గదిలో, వానలో కూడా, రాత్రి కూడా సాధన చేసే వీలు కల్పించిన ఈ యంత్రాల మేలును తక్కువ చేయరాదు.

ఇంతవరకు చూచినదాన్నిబట్టి, ఫలితం ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా కనబడితే గురి అంత త్వరగా కుదురుతుందని ఎవరైనా అనుకొంటారు. అయితే పరిశోధకులకు ఇక్కడ ఒక విచిత్రం ఎదురయింది. 1990లో కరోలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చేతి కదలికలపై చేసిన ప్రయోగాలను ప్రకటించారు. ఒక బృందానికి ప్రతి ప్రయత్నం తరువాత ఫలితాన్ని చూపారు. మరొక బృందానికి సగం ప్రయత్నాలకు మాత్రమే చూపారు. అదికూడా మొదట ఎక్కువగా చూపి, క్రమంగా తగ్గిస్తూ వచ్చారు. సాధన జరుగుతున్నంతసేపు ఇరుబృందాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. మరునాడు ఫలితం చూపకుండా పరీక్షించినప్పుడు మాత్రం, తక్కువసార్లు ఫలితం చూచినవారే మెరుగ్గా చేయగలిగారు.

దీనికి కారణం ఏమిటి? ప్రతిసారీ సమాధానం తెరపై సిద్ధంగా ఉంటే, తన శరీరం ఏమి చెబుతున్నదో వినవలసిన అవసరం మనిషికి ఉండదు. భుజానికి తుపాకి ఆనిన తీరు, చెంప కట్టెను తాకిన తీరు, వేలి కింద ట్రిగ్గరు కదిలిన తీరు, పేలిన క్షణంలో మొన కనబడిన చోటు, ఇవన్నీ శరీరం అందించే సమాచారాలే. తెర వెలుగులో ఈ సమాచారాలు మసకబారుతాయి. అప్పుడు నేర్చుకొన్నవాడు తుపాకిపై కాక తెరపై ఆధారపడతాడు. తప్పటడుగులు వేసే పిల్లవానికి మూడుచక్రాల బండి ఎంతో మేలు చేస్తుంది. కాని ఆ బండిని ఎప్పటికీ చేతినుండి తీయకపోతే వాడు పరుగెత్తడం నేర్వడు. ప్రతిపుష్టి కూడా అటువంటిదే. అది ఊతమే గాని కాలు కాదు.

అనుభవం గల శిక్షకులు శాస్త్రజ్ఞులు చెప్పకముందే ఈ సంగతిని గ్రహించారు. పేల్చిన వెంటనే తెరను గాని, కాగితాన్ని గాని చూడనివ్వరు. ‘నీ గుండు ఎక్కడ తగిలిందో ముందు నీవు చెప్పు’ అని అడుగుతారు. ‘కుడివైపు, కొద్దిగా కిందకు’ అని శిష్యుడు చెప్పాలి. ఆ తరువాతనే ఫలితం చూడాలి. చెప్పినదీ కనబడినదీ ఒకటైతే అతడు తన శరీరాన్ని చదవగలుగుతున్నాడని అర్థం. రెండింటికీ పొంతన లేకపోతే, గుండు మధ్యలో తగిలినా అతడు ఇంకా నేర్చుకోవలసినది ఉన్నదని అర్థం. ఈ చిన్న ప్రశ్న వల్ల ప్రతిపుష్టి స్వభావమే మారిపోతుంది. తెర ఇక సమాధానాన్ని ఇచ్చేది కాక, సమాధానాన్ని సరిచూచుకొనేది అవుతుంది.

మహాభారతం ఆదిపర్వంలో ఈ సత్యాన్ని తెలిపే కథ ఒకటున్నది. పక్షి కన్ను తప్ప మరేమీ కనబడటం లేదన్న అర్జునుని మాట అందరికీ తెలిసినదే. దానికంటె తక్కువగా చెప్పుకొనే కథ మరొకటి. ఒకనాటి రాత్రి అర్జునుడు భోజనం చేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. చీకటిలో కూడా అతని చేయి తడబడక నోటికే పోయింది. అలవాటు పడిన చేతికి వెలుగుతో పనిలేదని గ్రహించిన అర్జునుడు, ఆ రాత్రి నుండే చీకటిలో విలువిద్యను సాధన చేశాడు. అల్లెతాటి ధ్వని విని వచ్చిన ద్రోణుడు ఆ శిష్యుని కౌగిలించుకొన్నాడు. పక్షి కన్ను కథ చూపు గొప్పదనాన్ని చెబుతుంది. దీపం ఆరిన కథ చూపు నేర్పిన విద్య చూపు లేనప్పుడు కూడా నిలవాలని చెబుతుంది. ఈ రెండు కథలూ కలిస్తేనే విలుకాడు పూర్ణుడవుతాడు. నేటి క్రీడాకారులు తూటా లేకుండా ఖాళీ తుపాకితో గంటల తరబడి చేసే సాధన కూడా ఈ కోవకు చెందినదే. అందులో రంధ్రం పడదు, పాయింట్లు రావు. ట్రిగ్గరు నొక్కినప్పుడు ఫోర్‌సైట్ మొన కదిలిందా లేదా అన్నది మాత్రమే కనబడుతుంది.

ఫలితాన్ని చూచి సరిదిద్దుకోవడం ఎంత విలువైనదో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా అనుభవం చాటింది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కు ముందు పేల్చిన సాధన గుండ్లు గురికి చాలా దూరంగా పోయాయి. తన రైఫిల్ సైట్లు మారిపోయి ఉన్నాయని అతడు గుర్తించాడు. తనపై తనకు నమ్మకం లేనివాడైతే చేతిని అనుమానించి, మరింత తడబడేవాడు. బింద్రా చేతిని కాక సైట్లను సరిదిద్దుకొన్నాడు. తప్పు తనదా, పరికరానిదా అని తెలుసుకోగలిగినందువల్లనే కొద్దిపాటి సమయంలో నిలదొక్కుకొన్నాడు. చివరి గుండుకు 10.8 పాయింట్లు సాధించి, వ్యక్తిగత విభాగంలో భారతదేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణాన్ని తెచ్చాడు.

అదే పోటీలో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 595 పాయింట్లు సాధించి కూడా, సమానంగా పాయింట్లు వచ్చినవారి క్రమనిర్ణయంలో వెనుకబడి ఫైనల్‌కు చేరలేకపోయాడు. నాలుగేళ్ళ సాధన ఒక్క అంతరంలో చేజారిపోయింది. ఆ ఫలితం కూడా ఒక ప్రతిపుష్టియే. దానిని తీర్పుగా భావించినవాడు తుపాకిని పక్కన పెడతాడు, పాఠంగా భావించినవాడు మళ్ళీ భుజానికెత్తుతాడు. 2012 జూలై 30న లండన్‌లో నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్య పతకం గెలుచుకొన్నాడు. ఆ క్రీడలలో భారతదేశానికి దక్కిన మొదటి పతకం అదే. రజతం సాధించినవానికీ అతనికీ తేడా 0.4 పాయింట్లు మాత్రమే. ఇటువంటి ఆటలో తెరపై కనిపించే అంకె క్రీడాకారునికి మిత్రుడూ కాగలదు, శత్రువూ కాగలదు. పోయిన గుండు అంకెను మోస్తూ తరువాతి గుండును పేల్చేవాని చేయి బరువెక్కుతుంది.

నారంగ్ నెలకొల్పిన శిక్షణ సంస్థలో గురి నేర్చుకొన్న హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్. అతడు పుట్టుకతో వినికిడి లేనివాడు. 2022 మే నెలలో బ్రెజిల్ దేశంలోని కషియాస్ దో సుల్ నగరంలో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో స్వర్ణం సాధించాడు. ఆ పోటీలలో వినికిడి పరికరాలు ధరించడానికి నియమాలు అంగీకరించవు. శబ్దం లేని లోకంలో నిలబడి గురిచూచే అటువంటి క్రీడాకారునికి చూపే గురువు. అయితే ఆ చూపు కూడా తెరపై అంకెకే పరిమితమైతే చాలదు. తన శ్వాసను, తన వేలిని, తన నిలకడను లోపలి నుండి చూచుకొనే చూపు కూడా కావాలి. కెనడా పరిశోధకురాలు జోన్ విక్కర్స్ ఉత్తమ క్రీడాకారుల కంటి కదలికలను కొలిచి, కీలకమైన కదలికకు ముందు వారి చూపు ఒకే చోట ఎక్కువసేపు నిశ్చలంగా నిలుస్తుందని కనుగొన్నది. కన్ను అటూఇటూ పరుగెత్తేవాని కంటె కన్ను నిలిపినవానికే గురి వశమవుతుందని దీని సారాంశం.

క్రీడారంగంలో తెర ఉన్నది. యుద్ధరంగంలో తెర ఉండదు. ధూళి, పొగ, చీకటి, భయం అన్నీ కలిసి చూపును కమ్మేస్తాయి. పేల్చిన తూటా ఎక్కడికి పోయిందో తెలియజేసే కర్ర ఉండదు. దీనికి విరుగుడుగా సైన్యాలు ట్రేసర్ తూటాలను కనిపెట్టాయి. వాటి అడుగున నింపిన రసాయనం మండుతూ, పోయే దారిని వెలుగుగీతగా చూపుతుంది. ఆ గీతను చూచి సైనికుడు గురిని సవరించుకొంటాడు. కాని అదే గీతను శత్రువు వెనుకకు చదివితే సైనికుడున్న చోటు తెలిసిపోతుంది. తప్పును చూపే వెలుగు తప్పు చేసినవానిని కూడా పట్టిస్తుంది. కాబట్టి యుద్ధంలో బయటి ప్రతిపుష్టి అరుదుగా దొరుకుతుంది, దొరికినప్పుడు వెల చెల్లించవలసి వస్తుంది. సైనికునికి మిగిలేది రేంజిలో సంపాదించుకొన్న లోపలి చూపు మాత్రమే. తెరను విడిచి నిలవలేని శిక్షణ అతనిని సరిగ్గా ప్రాణాపాయ క్షణంలోనే విడిచిపెడుతుంది.

గురి విద్యలో మరువరాని విషయం మరొకటున్నది. తూటా తాను తగలవలసిన చోట తగిలిందా అన్నది ఒక ప్రశ్న. అక్కడ తగలవలసినదేనా అన్నది దానికంటె పెద్ద ప్రశ్న. దశరథ మహారాజు యౌవనంలో శబ్దవేధి విద్యలో ఆరితేరినవాడు. సరయూ నదీతీరంలో చీకటివేళ కుండ నిండుతున్న ధ్వని విని, ఏనుగు నీరు తాగుతున్నదనుకొని బాణం వదిలాడు. గురి తప్పలేదు. తగిలినది మాత్రం అంధులైన తల్లిదండ్రుల కోసం నీరు తెస్తున్న మునికుమారునికి. గురి తప్పని బాణమే ఆ రాజు జీవితాన్ని దహించిన శాపమయింది. అందుకే నేటి సిమ్యులేటర్లలో కాల్చవలసిన దృశ్యాలతో పాటు కాల్చకూడని దృశ్యాలను కూడా చూపుతారు. తుపాకి పట్టినవాని పక్కనే పుస్తకం పట్టిన పిల్లవాడు కనబడతాడు. చేయి ఎత్తినవాడు దాడికి ఎత్తాడో, లొంగిపోవడానికి ఎత్తాడో క్షణంలో నిర్ణయించాలి. అక్కడ తగిలిన గుండుకు కాక, ఆపిన వేలికి మార్కులు పడతాయి. చూచి కాల్చడం సగం విద్య. చూచి ఆగడం తక్కిన సగం.

ఈ విషయం ఆయుధాలకే పరిమితమైనది కాదు. ఇస్నాపూర్ పరిసరాల కర్మాగారాలలో లేత్ యంత్రం ముందు నిలబడే టర్నరును గమనిస్తే ఇదే పాఠం కనబడుతుంది. పనిలో కొత్తగా చేరినవాడు ప్రతి కోతకూ యంత్రాన్ని ఆపి వెర్నియర్‌తో కొలుస్తాడు. కొలవకపోతే ముక్క పాడవుతుంది కాబట్టి అలా కొలవడం తప్పనిసరి. ఏళ్ళు గడచిన తరువాత అతడు కోత శబ్దాన్నిబట్టి, రాలే పొట్టు రంగునుబట్టి, చేతికి తగిలే అదురునుబట్టి కొలత ఎంతవరకు వచ్చిందో ముందే ఊహిస్తాడు. అయినా చివరకు మైక్రోమీటరు పెట్టి చూడడం మానడు. ముందు ఊహించి, తరువాత కొలవడంలోనే అతని నైపుణ్యం ఉన్నది. కొలతనే నమ్ముకొన్నవాడు ఎప్పటికీ కొత్తవాడే. కొలతను వదిలివేసినవాడు అహంకారి. ఈ రెండింటి నడుమ ఉన్నవాడే పనిమంతుడు.

విద్యార్థి జీవితంలో కూడా ప్రతిపుష్టికి కొరత లేదు. మార్కుల జాబితా, గైడు చివరి పుటలోని సమాధానం, చేతిలోని ఫోను చూపే ఫలితం, అన్నీ తెరలే. లెక్క చేస్తూ ప్రతి మెట్టు దగ్గరా సమాధానాన్ని చూచుకొనేవాడు త్వరగా ముందుకు పోతున్నట్లే కనబడతాడు. సమాధానం చూడకుండా లెక్క ముగించి, ‘ఇది సరియైనదే’ అనో, ‘ఇక్కడ ఎక్కడో పొరపాటు జరిగింది’ అనో తనకు తాను చెప్పుకొన్న తరువాత పుట తిప్పేవాడు నెమ్మదిగా పోతున్నట్లు కనబడతాడు. పరీక్ష గదిలో గైడు ఉండదు. జీవితంలో చివరి పుట ముందుగా కనబడదు. అప్పుడు తోడుండేది రెండవవాడు సంపాదించుకొన్న తెలివే.

తప్పును చూపేవారు, చూపే సాధనాలు దొరకడం అదృష్టం. వాటిని కాదనడం అవివేకం. అయితే ఒక సాధనం గొప్పదనం అది ఎంతకాలం అవసరమయిందన్న దానిలో లేదు. అది తొలగిపోయిన తరువాత మనిషిలో ఏమి మిగిల్చిందన్న దానిలో ఉన్నది. తుపాకి గురిలో కన్ను చేతికి నేర్పవలసినదంతా నేర్పిన తరువాత, చేయి కంటిని అడగకుండానే సమాధానం చెప్పగలగాలి. అడిగినప్పుడు ఆ సమాధానం సరియైనదని కన్ను సాక్ష్యమివ్వాలి.